కోడి, జెల్లీఫిన్, హోమ్ అసిస్టెంట్: నెట్ పోయినా పనిచేసే ఇల్లు

ఈ ఎపిసోడ్‌లో ఇంట్లో వాడుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకుందాం. సినిమాలు, పాటలు, ఇంటి వీడియోలు చూసుకోవడానికి కోడి, జెల్లీఫిన్. లైట్లు, ఫ్యాన్లు, మోటార్లు నడపడానికి హోమ్ అసిస్టెంట్. ముందే చెప్తున్నా, కోడి అంటే ఆదివారం వండుకునే కోడి కాదు, సాఫ్ట్‌వేర్ పేరే అది. "కోడి అప్‌డేట్ అయింది" అంటే మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

సెటప్‌లోకి వెళ్లేముందు మీ ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. రౌటర్ ఆఫ్ చేయొద్దు. బయట నుంచి ఇంటర్నెట్ తెచ్చే వైరు ఒక్కటే తీసేయండి. (ఫైబర్ నేరుగా రౌటర్‌లోకే వస్తుంటే దాన్ని పీకకండి, అది సన్నటి గాజు తీగ. ఈసారి నెట్ పోయినప్పుడు చూడండి చాలు.) ఫోన్‌లో మొబైల్ డేటా కూడా ఆపేయండి. ఇప్పుడు వైఫై ఉంది, ఇంటర్నెట్ లేదు. స్మార్ట్ బల్బు యాప్ తెరిచి బల్బు వేసి చూడండి. కొన్ని బ్రాండ్లు వెలుగుతాయి. చాలా వాటికి యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఫోను, బల్బు రెండూ ఒకే గదిలో, ఒకే వైఫైలో ఉన్నాయి, అయినా ఎందుకు వెలగట్లేదు? ఎందుకంటే మీరు బటన్ నొక్కగానే ఆ మాట బల్బుకి వెళ్లదు. ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి తిరిగి మీ ఇంటి బల్బుకి వస్తుంది. ఆ సర్వర్ ఉన్నంత కాలమే మీ స్విచ్ పనిచేస్తుంది.

ఆ సర్వర్ పోతే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, జరిగిపోయింది. అమెరికాలో రివాల్వ్ అని ఒక స్మార్ట్ హోమ్ హబ్ ఉండేది, ధర 300 డాలర్లు. గూగుల్ వాళ్ల నెస్ట్ 2014లో ఆ కంపెనీని కొనేసి, 2016 మేలో సర్వర్లు ఆపేసింది. డబ్బాలో ఏ లోపమూ లేదు, ఒక్కరోజులో పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే ఇంకో పాత కంపెనీ సర్వర్లు ముందస్తు సమాచారం లేకుండా ఆగిపోయాయి. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ఇన్‌స్టియాన్ పరికరాలకి ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడే దారి ఉంది. అందుకే చాలామంది వాటిని హోమ్ అసిస్టెంట్‌కి కలిపి మళ్లీ నడిపించుకున్నారు. తర్వాత కొంతమంది వినియోగదారులే కలిసి ఆ కంపెనీ ఆస్తుల్ని కొనుక్కుని సర్వర్లు తిరిగి లేపారు, అది వేరే కథ. నేను ఓపెన్ సోర్స్ అని పట్టుబట్టేది ఫ్రీగా వస్తుందని కాదు. ఎవరో ఎక్కడో ఒక సర్వర్ ఆపేసినంత మాత్రాన మీ హాల్లో లైట్ ఆగకూడదు.

ఇప్పుడు సినిమాల వైపు వద్దాం. కోడి పుట్టింది 2002లో, ఎక్స్‌బాక్స్ మీడియా ప్లేయర్ అనే పేరుతో. మైక్రోసాఫ్ట్ వాళ్ల మొదటి తరం ఎక్స్‌బాక్స్ గేమ్ డబ్బాని మోడ్ చేసి, అందులో సినిమాలు చూసుకోవడానికి కొంతమంది ప్రోగ్రామర్లు రాసుకున్నది. తర్వాత ఎక్స్‌బీఎమ్‌సీ అయింది. లైనక్స్, విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నిటికీ పాకింది. ఎక్స్‌బాక్స్‌తో సంబంధమే లేకుండా పోయాక 2014లో పేరు కోడిగా మార్చారు. మధ్యలో 2008 ప్రాంతంలో ఇదే కోడ్ నుంచి మ్యాక్ కోసం విడిపోయిన ఒక శాఖే ప్లెక్స్. ప్లెక్స్ తర్వాత వ్యాపార కంపెనీ అయింది. 2025లో, ఇంటి బయట నుంచి మీ సొంత సర్వర్‌లోని వీడియో చూడాలన్నా డబ్బు కట్టాలి అని పెట్టింది. కంపెనీ అన్నాక ఆదాయం కావాలి, దాన్ని తప్పు పట్టను. కానీ మీ డిస్క్, మీ కరెంటు, మీ నెట్, మీ పెళ్లి వీడియో... అర్థమైంది కదా.

జెల్లీఫిన్‌ది కూడా దాదాపు ఇలాంటి కథే. ఎంబీ అనే మీడియా సర్వర్ మొదట్లో ఓపెన్ సోర్స్. అది 2018 చివర్లో కోడ్‌ని మూసేసింది. ఆ డిసెంబర్‌లోనే, అప్పటిదాకా ఓపెన్‌గా ఉన్న కోడ్‌ని తీసుకుని కొంతమంది వేరు కాపురం పెట్టారు. అదే జెల్లీఫిన్. ఓపెన్ సోర్స్ లైసెన్స్ చేసే అసలు పని ఇదే. కంపెనీ మనసు మార్చుకోవచ్చు, అప్పటికే బయటికిచ్చిన కోడ్‌ని మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఈ రెండిట్లో ఏది పెట్టుకోవాలని చాలామంది అడుగుతారు. అసలు రెండూ ఒకే పని చేయవు. కోడి ప్లేయర్. టీవీకి కట్టిన డబ్బాలో కూర్చుని, డిస్క్‌లో ఉన్న ఫైల్‌ని నేరుగా ఆడిస్తుంది. జెల్లీఫిన్ సర్వర్. ఇంట్లో ఒక మూల ఉండి టీవీకి, ఫోన్‌కి, టాబ్‌కి, పక్క గదిలో తాతయ్య టీవీకి కూడా వడ్డిస్తుంది. ఒక్క టీవీ, ఒక్క డిస్క్ ఉంటే కోడి చాలు. హెచ్‌డీఎమ్ఐలో సీఈసీ అనే సదుపాయం ఉంటుంది కాబట్టి టీవీ రిమోట్‌తోనే కోడి నడుస్తుంది, వేరే రిమోట్ కొననక్కర్లేదు. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీకి ఒక్కో బ్రాండ్ ఒక్కో పేరు పెడుతుంది, అది వెతికి ఆన్ చేయాలి. ఇద్దరు ముగ్గురు వేర్వేరు చోట్ల చూస్తారంటే జెల్లీఫిన్.

జెల్లీఫిన్ పెట్టాలనుకునేవాళ్లు ట్రాన్స్‌కోడింగ్ అనే మాట అర్థం చేసుకోవాలి. మీ దగ్గర ఉన్న ఫైల్ హెచ్ఈవీసీ ఫార్మాట్‌లో ఉంది, చూసే పాత టీవీకి అది తెలియదు అనుకోండి. అప్పుడు సర్వర్ ఆ వీడియోని అప్పటికప్పుడు వేరే ఫార్మాట్‌లోకి మార్చి పంపాలి. అనువాదకుడు పక్కన కూర్చుని వాక్యం వాక్యం చెప్పినట్టు. మామూలు ప్రాసెసర్‌తో ఇది చేయిస్తే ఫ్యాన్ విమానంలా అరుస్తుంది. ఇంటెల్ చిప్‌లలో క్విక్ సింక్ అని వీడియో కోసమే ఒక భాగం ఉంటుంది, అది చాలా తేలిగ్గా చేసేస్తుంది. ఇంట్లో మూలపడ్డ లాప్‌టాప్ ఇంటెల్ ఏడో జనరేషన్ లేదా ఆ తర్వాతిది అయితే, 10 బిట్ హెచ్ఈవీసీ కూడా చదవగలదు కాబట్టి సర్వర్‌గా బాగా పనికొస్తుంది. రాస్ప్‌బెర్రీ పై ఈ పనికి వద్దు. దాని మీద కోడి బాగా నడుస్తుంది, కానీ పై 5లో వీడియో ఎన్‌కోడ్ చేసే హార్డ్‌వేర్ అసలు లేదు.

కరెంటు బిల్లు సంగతి కూడా చూద్దాం. సర్వర్ సగటున 15 వాట్లు తీసుకుంటుంది అనుకుంటే, రోజుకి 24 గంటలు, నెలకి 30 రోజులు, దాదాపు 11 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటే 43 యూనిట్లు. అందుకే పాత డెస్క్‌టాప్ ఫ్రీగా వచ్చినా అది నిజంగా ఫ్రీ కాదు.

ఫైళ్ల పేర్లు కూడా సరిగ్గా ఉండాలి. జెల్లీఫిన్ అయినా కోడి అయినా పోస్టర్, నటుల పేర్లు, కథ ఇవన్నీ టీఎమ్‌డీబీ అనే, వాలంటీర్లు నింపే డేటాబేస్ నుంచి తెచ్చుకుంటాయి. ఫైల్ పేరు 'దేవదాసు' అని మాత్రమే పెడితే, అక్కినేని 1953 దేవదాసా, రామ్ 2006 దేవదాసా దానికి ఎలా తెలుస్తుంది? తాతయ్య నాగేశ్వరరావు కోసం నొక్కితే పోస్టర్‌లో రామ్ కనిపిస్తాడు. సినిమా పేరు పక్కన బ్రాకెట్‌లో సంవత్సరం రాస్తే చాలు. మన సినిమాలు ఒక్కో టైటిల్‌తో రెండు మూడు ఉంటాయి కాబట్టి ఇది మనకి మరీ అవసరం.

నన్ను అడిగితే జెల్లీఫిన్ పెట్టుకోవడానికి అసలు కారణం సినిమాలు కాదు, సినిమాలకి ఓటీటీలు ఉన్నాయి. బీరువా పైన అట్టపెట్టెలో పడి ఉన్న పెళ్లి డీవీడీలు. 2000ల్లో పెళ్లిళ్లు చేసుకున్న ప్రతి ఇంట్లో ఉంటాయి. పైన పూల బొమ్మ, మధ్యలో వధూవరుల పేర్లు. ఇంట్లో రాసిన డీవీడీలో డేటా ఉండేది ఒక రంగు పొర మీద, అది ఎండకి, వేడికి, తేమకి పాడవుతుంది. ఈలోపు డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్లే కనుమరుగైపోయాయి. ఆ వీడియోలో ఉన్నవాళ్లలో కొంతమంది ఇప్పుడు లేరు, వాళ్ల గొంతు ఉన్నది ఆ డిస్క్‌లో మాత్రమే. కాబట్టి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి సంపాదించండి. మేక్‌ఎమ్‌కేవీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో డిస్క్‌లోని ముక్కల్ని నాణ్యత తగ్గకుండా ఒకే ఫైల్‌గా తీసుకోండి. జెల్లీఫిన్‌లో 'హోమ్ వీడియోలు' రకం లైబ్రరీలో పెట్టండి, సినిమాల లైబ్రరీలో పెడితే అది మీ పెద్దమ్మ కూతురి పెళ్లికి ఏదో హాలీవుడ్ పోస్టర్ అంటిస్తుంది. బొమ్మ కదిలినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే కంగారు పడకండి. ఆ రోజుల్లో వీడియో ఇంటర్‌లేస్డ్‌గా తీసేవాళ్లు. ప్లేయర్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే గీతలు పోతాయి. ఒక్క డిస్క్‌లో పెట్టి వదిలేయకండి, రెండో కాపీ వేరే ఇంట్లో ఉండాలి.

పైరసీ గురించి కూడా ఒక మాట. "కోడి బాక్స్, అన్ని సినిమాలూ ఫ్రీ" అని అమ్ముతుంటారు. కోడిలో సినిమాలేవీ రావు, అది ఖాళీ గిన్నె. ఆ బాక్సుల్లో ఎవరో దొంగ యాడ్-ఆన్‌లు నింపి అమ్ముతారు. చట్టం సంగతి అలా ఉంచి, ఇంజినీర్‌గా చెప్తున్నా: కోడి యాడ్-ఆన్ అంటే పైథాన్ ప్రోగ్రామ్. దానికి వేరే గోడ ఏమీ ఉండదు, కోడికి ఏమేం చేయగలిగే అనుమతి ఉందో దానికీ అంతే ఉంటుంది. ముక్కూముఖం తెలియనివాడు రాసిన కోడ్‌ని ఇంటి నెట్‌వర్క్ మధ్యలో కూర్చోబెడుతున్నారు.

ఇక హోమ్ అసిస్టెంట్. నెదర్లాండ్స్‌కి చెందిన పౌలస్ స్కౌట్సెన్ అనే ప్రోగ్రామర్ 2013లో పైథాన్‌లో మొదలుపెట్టాడు. ఇప్పుడు దాని బాధ్యత ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చూస్తుంది, 2024లో ఏర్పాటైంది. సంస్థకి ఎందుకిచ్చారంటే, రేపు ఎవరూ దీన్ని కొనేసి రివాల్వ్ లాగా మూసేయకుండా ఉండటానికి.

దీని లోపలి లెక్క చాలా సింపుల్. ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక స్థితి ఉంటుంది. లైట్ ఆన్, తలుపు మూసి, ట్యాంకు 40 శాతం, కోడిలో సినిమా ఆడుతోంది. స్థితి మారినప్పుడు మనం రాసుకున్న నియమాలు కదులుతాయి. ఏం జరిగితే, ఏ షరతు ఉంటే, ఏం చేయాలి, అంతే. కోడి సెట్టింగ్స్‌లో సర్వీసెస్ కింద, కంట్రోల్‌లో రిమోట్ కంట్రోల్‌కి అనుమతిస్తే హోమ్ అసిస్టెంట్ దాన్ని చూడగలుగుతుంది. అప్పుడు సూర్యాస్తమయం తర్వాత కోడిలో సినిమా మొదలైతే హాల్ ట్యూబ్‌లైట్ ఆరిపోవాలి, పక్కన ల్యాంప్ మసగ్గా వెలగాలి, పాజ్ చేస్తే వెలుగు పెరగాలి అని రాసుకోవచ్చు. యూట్యూబ్‌లో అందరూ చూపించేది ఇదే. బాగుంటుంది, చుట్టాలొచ్చినప్పుడు చూపించుకోవచ్చు. రెండో వారానికి మీరే మర్చిపోతారు.

మన ఇళ్లలో నిజంగా పనికొచ్చే ఆటోమేషన్ నీళ్ల మోటార్. ట్యాంకు నిండి పొర్లిపోతుంటే ఎదురింటివాళ్లు "ఆంటీ, మోటార్!" అని అరవడం మనందరికీ తెలుసు. బోరులో నీళ్లు అడుగంటాక మోటార్ వట్టిగా తిరిగి కాలిపోవడం అంతకంటే ఖరీదైన బాధ.

ట్యాంకు మూతకి లోపలివైపు వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్ పెడతాం. అది శబ్దం పంపి ప్రతిధ్వని కోసం ఆగుతుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. నీటి మట్టం మీటరు దూరంలో ఉంటే వెళ్లి రావడానికి దాదాపు 5.8 మిల్లీసెకన్లు. ఆ లెక్క నుంచి ట్యాంకు ఎంత నిండిందో తెలుస్తుంది. ఈ రకం సెన్సర్ 20, 25 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నదాన్ని చదవలేదు, కాబట్టి నిండు మట్టానికి కనీసం అంత ఎత్తులో ఉండాలి. దీన్ని చదివేది ఈఎస్‌పీ బోర్డు, కొన్ని వందల రూపాయల చిప్. దాని మీద ఈఎస్‌పీహోమ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేస్తే, అది వైఫై ద్వారా నేరుగా హోమ్ అసిస్టెంట్‌తో మాట్లాడుతుంది. ఇంటర్నెట్ అవసరమే లేదు.

మోటార్ వైపు జాగ్రత్తగా వినండి, ఇక్కడ ప్రాణాల సంగతి, ఇంటి సంగతి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న నీలం రిలేకి 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. ఒక హెచ్‌పీ మోటార్ అంటే 746 వాట్లు, నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లే కదా అనిపిస్తుంది. కానీ మోటార్ మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఇక సాఫ్ట్‌వేర్ ఎంత "ఆఫ్" అన్నా మోటార్ ఆగదు. అందుకే రిలే కాంటాక్టర్‌ని మాత్రమే నడపాలి, మోటార్‌ని కాంటాక్టర్ నడపాలి. ఈ వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. మీరు ఈసీఈ చదివినా, ఈఈఈ చదివినా సరే.

నియమాలు ఎక్కడ ఉండాలన్నది కూడా ముఖ్యమే. ట్యాంకు 30 శాతం కంటే తగ్గితే మోటార్ వేయి అన్నది హోమ్ అసిస్టెంట్‌లో ఉండొచ్చు. అది ఒకరోజు పనిచేయకపోతే నీళ్లు ఉండవు, అంతే. కానీ గరిష్ఠంగా 40 నిమిషాలకి ఆపేయి అన్నది మోటార్ దగ్గరున్న ఈఎస్‌పీ బోర్డులోనే రాయాలి. ఎందుకంటే మోటార్ నడుస్తుండగా వైఫై పోయినా, సర్వర్ హ్యాంగ్ అయినా మోటార్ ఆగాలి. అలాగే పది నిమిషాలు నడిచినా ట్యాంకులో మట్టం పెరగకపోతే బోరులో నీళ్లు లేవని అర్థం, ఆపేసి ఫోన్‌కి మెసేజ్ పంపాలి. ఇంకోటి మన ఊళ్ల కోసం: కరెంటు పోయి వచ్చినప్పుడు రిలే ఎప్పుడూ ఆఫ్‌లోనే లేవాలి. ఈఎస్‌పీహోమ్‌లో దీనికి సెట్టింగ్ ఉంది. లేకపోతే అర్ధరాత్రి కరెంటు రాగానే మోటార్ తనంతట తాను మొదలవుతుంది.

స్టార్టర్ డబ్బా మీద ఆకుపచ్చ, ఎర్ర బటన్లు మాత్రం తీసేయకండి. నాకు ఇదొక్క విషయంలో రాజీ లేదు. అమ్మానాన్నలు ఇద్దరే ఉండే ఇంట్లో, కొడుకు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి సెటప్ చేసి వెళ్లిపోతే, లైట్ వేయడానికి ఆయనకి ఫోన్ చేయాల్సిన పరిస్థితి రాకూడదు. స్విచ్ వెనక పెట్టే రిలే మాడ్యూల్స్‌లో పాత స్విచ్‌నే కలిపే వైరు ఉంటుంది. గోడ మీద స్విచ్ నొక్కినా పనిచేస్తుంది, ఫోన్ నుంచీ పనిచేస్తుంది. ఆ మాడ్యూల్‌కి న్యూట్రల్ కావాలి. మన బోర్డుల్లో సాకెట్ కూడా ఉంటుంది కాబట్టి సాధారణంగా న్యూట్రల్ దొరుకుతుంది. బల్బు హోల్డర్లో స్మార్ట్ బల్బు పెట్టి, "స్విచ్ ముట్టుకోకండి" అని టేప్ అంటించే పద్ధతి నాకు నచ్చదు. అరవై ఏళ్లు స్విచ్ నొక్కిన చెయ్యి మళ్లీ నొక్కుతుంది.

రాస్ప్‌బెర్రీ పై మీద హోమ్ అసిస్టెంట్ వేస్తే మెమరీ కార్డు మీద కాకుండా ఎస్ఎస్‌డీ మీద వేయండి. ప్రతి స్థితి మార్పునీ అది రాస్తూనే ఉంటుంది, పది రోజుల చరిత్ర దాచుకుంటుంది. ఆ రాతలకి, పైగా మన కరెంటు కోతలకి, కార్డులు తట్టుకోవు. జెల్లీఫిన్‌ని, దీన్ని ఒకే మెషీన్‌లో డాకర్‌తో పెట్టొచ్చు. నేనైతే విడిగా పెడతాను. ఎవరో సినిమా చూస్తుంటే సర్వర్ ఉక్కిరిబిక్కిరై మోటార్ నియమం ఆలస్యం కావడం నాకిష్టం లేదు. రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చడం మర్చిపోకండి.

బయట నుంచి చూడాలంటే రౌటర్‌లో పోర్టులు తెరవొద్దు. మన బ్రాడ్‌బ్యాండ్ చాలావాటిలో ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతారు, కాబట్టి తెరిచినా తరచుగా పనిచేయదు. పనిచేస్తే ఇంకా ప్రమాదం, మీ ఇంటి గేటు ప్రపంచానికి తెరిచినట్టు. వైర్‌గార్డ్ ఆధారంగా నడిచే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ వాడండి. లేదా హోమ్ అసిస్టెంట్ వాళ్లతో కలిసి పనిచేసే నబు కాసా చందా తీసుకోండి, ఆ డబ్బులో కొంత ఈ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల జీతాలకే వెళ్తుంది.

ఇందులో కష్టం లేదని నేను చెప్పను. హోమ్ అసిస్టెంట్‌కి నెలనెలా కొత్త వెర్షన్ వస్తుంది, అప్పుడప్పుడు ఏదో ఒకటి విరుగుతుంది. అప్‌డేట్ ముందు నోట్స్ చదవాలి, బ్యాకప్ తీయాలి. ఊరెళ్లే ముందురోజు అప్‌డేట్ నొక్కకూడదు. బ్యాకప్‌లు ఇప్పుడు తాళం వేసి వస్తాయి. ఆ తాళం కోడ్ పోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే, ప్రింట్ తీసి పెట్టుకోండి.

ఆ ప్రింట్‌తో పాటు ఇంకో కాగితం రాయండి. తెలుగులో, పెద్ద అక్షరాలతో. సర్వర్ ఏ గదిలో ఉంది, దాన్ని ఆఫ్ చేసి ఆన్ చేయడానికి ఏ ప్లగ్. మోటార్ ఆగకపోతే ఏ ఎంసీబీ దించాలి. సర్వర్ మొత్తం తీసేసినా ఏ స్విచ్‌లు పనిచేస్తాయి. కాంటాక్టర్ పెట్టిన ఎలక్ట్రీషియన్ నంబర్. దాన్ని మీటర్ బోర్డు తలుపు లోపలివైపు అంటించి, అమ్మ చేతో నాన్న చేతో ఒకసారి ఎంసీబీ దింపించండి, మీరు పక్కనే నిలబడి. వచ్చే ఎపిసోడ్‌లో ఈఎస్‌పీహోమ్ ఫైల్ లైన్ లైన్‌గా రాద్దాం, బోర్డు, సెన్సర్ తెప్పించుకుని రెడీగా ఉండండి. ఉంటాను, బై.